ఒకసారి వేసిన టీకా చాలునా?



పసిబిడ్డకు టీకాలు వేయించిన తల్లిదండ్రులు తమ పని తీరినదని తలంచుట సహజము. అయిదేండ్లు నిండిన పిమ్మట నర్సమ్మ వచ్చి, "బిడ్డకు ఇంకొక సూది వేయవలెను" అనగా, "అన్నియు వేయించితిమి గదమ్మా, మరల ఎందుకు?" అని అడుగుదురు. ఇది మంచి ప్రశ్నయే. ఇన్నూరు ఏండ్ల క్రిందట యూరపు ప్రజలును దీనినే అడిగిరి. దానికి జవాబు దొరకుటకు ముందు అనేకులు ప్రాణములు పోగొట్టుకొనిరి.

1796 మే 14వ తేదీన ఇంగ్లండులోని బర్క్‌లీ అను ఊరిలో ఎడ్వర్డు జెన్నరు అను వైద్యుడు, జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలునికి మొదటి టీకా వేసెను. పాలు పితుకు ఒక పడుచు చేతిమీద గోమశూచి పొక్కులు లేవగా, వాటి రసిని తీసి బాలుని చేతికి ఎక్కించెను. పిమ్మట మశూచి రసినే ఎక్కించి చూచినను ఆ బాలునికి జబ్బు రాలేదు. మశూచివలన బిడ్డలను పాతిపెట్టిన తల్లులకు ఇది ఎంత గొప్ప వార్త! 1802లో ఆ టీకా బొంబాయికి చేరెను. అక్కడ మూడేండ్ల చిన్నపిల్లకు అది మొదట వేయబడెను.

అయితే జెన్నరు ఒక్క సంగతిలో పొరబడెను. ఒకసారి టీకా వేసినయెడల బ్రదికినంతకాలము కాపుదల యుండునని ఆయన నమ్మెను. కొంతకాలమునకు, చిన్ననాట టీకా పొందినవారిలో కొందరికి పెద్దతనమున మశూచి వచ్చుట వైద్యులు చూచిరి. అనేకులకు అది తేలికగా వచ్చి పోయెను గాని కొందరు మరణించిరి. "టీకా వట్టి మోసము" అని కొందరనిరి. "టీకా మంచిదే, దాని బలము ఏండ్లు గడచినకొలది తరుగుచున్నది, మరల వేయవలెను" అని మరికొందరనిరి.

ఈ రెండవ మాటయే నిజమాయెను. 1829లో వుర్టెంబర్గు రాజ్యము, 1834లో ప్రష్యా రాజ్యము తమ సైనికులకు మరల టీకాలు వేయ నారంభించెను. 1870లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి మశూచి చెలరేగినప్పుడు, ఫ్రెంచి సైన్యమున చచ్చినవారితో పోల్చగా ప్రష్యా సైన్యమున చచ్చినవారు బహు కొద్దిమంది. 1874లో జర్మనీ దేశము శిశువులకు మొదటి టీకాను, పండ్రెండేండ్ల పిల్లలకు రెండవ టీకాను చట్టముగా నిర్ణయించెను. అటుపిమ్మట అక్కడ మశూచి మరణములు మిక్కిలి అరుదాయెను.

మన గ్రామములలోను టీకాలవారు ఇంటింటికి తిరిగి శిశువులకు మొదటి టీకాను, పెద్దలకు మరు టీకాను వేసిరి. 1975 తరువాత మన దేశమున మశూచి కనబడలేదు. 1980లో అది లోకమంతటనుండి పోయెనని ప్రకటింపబడెను.

మశూచి పోయెను గాని ఆ పాఠము పోలేదు. కంఠసర్పి యను జబ్బును చూడుడి. అది బిడ్డ గొంతులో పొర కట్టి ఊపిరి ఆడనియ్యదు, దాని విషము గుండెను చెరుపును. 1990వ సంవత్సరము మొదలుకొని రష్యాలోను దాని చుట్టుప్రక్కల దేశములలోను ఈ జబ్బు మరల లేచెను. ఎనిమిదేండ్లలో 1,50,000కు పైగా జనులు జబ్బుపడిరి, దాదాపు 5,000 మంది మరణించిరి. చిన్ననాటి టీకాల బలము పెద్దలలో తరిగిపోయియుండెను. కొంచెము జలుబో దగ్గో ఉన్నదని అనేకమంది పిల్లలకు సూదులు వాయిదా వేయబడియుండెను. పిల్లలకును పెద్దలకును మరల టీకాలు వేసిన తరువాతనే అది అణగెను.

మొదటి సూదులు శత్రువును గుర్తుపట్టుట శరీరమునకు నేర్పును. కాలము గడచినకొలది ఆ జ్ఞాపకము మందగించును. తరువాతి సూది దానిని మరల మేల్కొల్పును. బేత్సయిదాలో మన ప్రభువు గ్రుడ్డివానిని రెండుమారులు ముట్టెను. మొదట వానికి మసకగా కనబడెను, రెండవమారు స్పష్టముగా కనబడెను. అందువలన మొదటి స్పర్శ వ్యర్థమని ఎవరు చెప్పగలరు? మరల సూది వేయించుట విశ్వాసము లేకపోవుట కాదు. దేవుడు మనకిచ్చిన బిడ్డను కాచుకొనుట విశ్వాసులకు తగిన పనియే.

సూది వేసినచోట నొప్పి, వాపు, ఒకటి రెండు దినములు జ్వరము రావచ్చును. మునుపటి సూదికి ఫిట్సు గాని తీవ్రమైన బాధ గాని కలిగియుండినయెడల ఆ సంగతి నర్సమ్మకు ముందుగా చెప్పవలెను. కోత పనులున్నవని, కూలి పోవునని మానుకొనకుడి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతము రాకుండ మరు టీకా ఒకటిన్నర ఏట ఒకమారు, అయిదారేండ్లకు ఇంకొకమారు వేయుదురు. కంఠసర్పికిని ధనుర్వాతమునకును పదియవ ఏటను పదునారవ ఏటను మరల వేయుదురు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఇవి ఉచితము.

ఈ రాత్రి పెట్టె తెరచి బిడ్డ టీకాల కార్డు తీసి చూడుడి. అందులో ఒక గడి ఖాళీగా నున్నయెడల, ఈ వారమే బిడ్డను తోడుకొని వెళ్లుడి.