కొత్త కోచ్ ఎవరని కాదు, చార్జిలో ఏం అప్పగిస్తున్నామని అడగండి



మన సంఘం కుర్రాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. చెన్నైయిన్ ఎఫ్‌సీ కోచ్ మారినప్పుడల్లా వీళ్ల మధ్య ఒకే వాదన వింటున్నాను. యూరప్‌లో పేరున్న మనిషిని తేవాలని ఒకడు అంటాడు. ఇన్నేళ్లు తెల్లవాళ్లను తెచ్చి ఏం బావుకున్నాం, మనవాడికే ఇవ్వండి అని ఇంకొకడు. ముందు ఓనర్లను మార్చండ్రా అని మూడోవాడు. పండగ భోజనాల దగ్గర కూడా ఈ గొడవ ఆగదు. అందుకే ఈసారి చరిత్ర వ్యాసం దీని మీదే రాస్తున్నాను.

నేను రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మా ఆఫీసులో ఒకరు బదిలీ మీద వెళ్తే, వచ్చేది ఎవరని అందరూ కుతూహలంగా అడిగేవాళ్లు. కానీ పని నడవాలంటే అసలు ముఖ్యం చార్జి అప్పగింత. బీరువా తాళాలు, స్టాక్ రిజిస్టరు, పెండింగ్ ఫైళ్లు, నగదు లెక్క, అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. తమిళంలో దీన్నే పొరుప్పు ఒప్పడైప్పు అంటాం. అప్పగించినదాంట్లో సరుకు లేకపోతే వచ్చినవాడు ఎంత గట్టివాడైనా మొదటి ఆరు నెలలు చిక్కుముడులు విప్పుకోవడానికే సరిపోతుంది. ఫుట్‌బాల్ చరిత్ర చూస్తే అక్కడా ఇదే కథ. మన రెండు ఊళ్లు, చెన్నై, హైదరాబాద్, దీనికి మంచి సాక్ష్యాలు.

ముందు చెన్నై సంగతి. జాన్ గ్రెగరీ కోచ్‌గా 2017-18లో మన జట్టు బెంగళూరులోనే బెంగళూరును 3-2తో ఓడించి రెండోసారి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది. మరుసటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు గెలిచింది 2 మాత్రమే, పది జట్లలో ఆఖరి స్థానం. అయినా క్లబ్ ఆయన్ని ఉంచుకుంది. 2019-20 మొదలైంది. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా లేదు. నవంబర్ 25న నెహ్రూ స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ మీద 2-1తో గెలిచారు. మన సంఘంలో ఆ రోజు ఎవరిని సపోర్ట్ చేయాలో తెలియక సగం మంది ఇబ్బందిపడ్డారు. ఆ తర్వాత ఒడిశాతో డ్రా. ఆరు మ్యాచ్‌లకు అయిదు పాయింట్లు. నవంబర్ నెలాఖరులో గ్రెగరీ వెళ్లిపోయారు.

డిసెంబర్ మొదటి వారంలోనే ఓవెన్ కోయల్ వచ్చారు. 2009లో బర్న్‌లీ అనే చిన్న క్లబ్‌ను ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌కు తీసుకెళ్లిన మనిషి. వచ్చాక దాదాపు అదే జట్టుతో ఆడించారు. లీగ్‌లో నాలుగో స్థానం, సెమీఫైనల్లో గోవా మీద రెండు మ్యాచ్‌లు కలిపి 6-5, ఆపైన ఫైనల్. 2020 మార్చి 14న కరోనా వల్ల ప్రేక్షకులు లేని గోవా స్టేడియంలో ఏటీకే చేతిలో 3-1తో ఓడిపోయారు. ఓడినా, నవంబర్‌లో ఆ జట్టును చూసినవాళ్లెవరూ ఫైనల్ ఊహించి ఉండరు.

దీన్ని చూపించి, "చూశారా అంకుల్, కోచ్ మారితే అంతా మారుతుంది" అంటారు కుర్రాళ్లు. నిజమే, కానీ కోయల్‌కు చార్జిలో ఏం దొరికింది? ఆ సీజన్‌లో 15 గోల్స్ కొట్టిన వాల్స్కిస్ అప్పటికే జట్టులో ఉన్నాడు. క్రివెల్లారో ఉన్నాడు. అనిరుధ్ థాపా, ఛాంగ్టే ఉన్నారు. సరుకంతా గోడౌన్‌లోనే ఉంది, సరిగ్గా పంచేవాడు కావలసివచ్చింది. అలాంటి చోట కోచ్ మార్పు పనిచేస్తుంది.

మరుసటి ఏడే దీని రెండో వైపు కనబడింది. కోయల్ జంషెడ్‌పూర్‌కు వెళ్లారు. వాల్స్కిస్ కూడా అక్కడికే వెళ్లాడు. తర్వాత వచ్చిన చాబా లాజ్లోకు చేతికొచ్చిన రిజిస్టర్‌లో మొదటి పేజీయే చిరిగిపోయి ఉంది. జట్టు ఎనిమిదో స్థానంలో ఆగింది. తిట్లు మాత్రం లాజ్లోకే పడ్డాయి.

ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో మొదలైన క్లబ్. మొదటి సీజన్ మధ్యలోనే, 2020 జనవరిలో, కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తీసేశారు. జట్టు ఆఖరి స్థానంలో ముగించింది. తర్వాతి సీజన్ కోసం స్పెయిన్ దేశస్థుడు ఆల్బర్ట్ రోకాను మాట్లాడుకున్నారు. బెంగళూరు క్లబ్‌ను నడిపిన పేరున్న కోచ్ గనుక అభిమానులకు సంతోషం. తీరా సీజన్ మొదలయ్యే ముందు, 2020 ఆగస్టులో, బార్సిలోనా పిలిచిందని ఆయన వెళ్లిపోయారు. హడావిడిగా మనోలో మార్కెజ్‌ను తెచ్చారు. అప్పటికి మన దేశంలో ఆ పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. అభిమానుల వాదనల్లో ఆ పేరే లేదు.

ఆ మనోలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి చిన్న వయసు భారతీయ ఆటగాళ్లను నమ్మి ఆడించారు. మొదటి సీజన్‌లో ప్లేఆఫ్ కొద్దిలో తప్పిపోయింది. ఎవరూ ఆయన్ని తీసేయలేదు. రెండో సీజన్‌లో, 2022 మార్చి 20న, కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు తెచ్చారు. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. ఆ రాత్రి మన గ్రూపులో నిద్రపోయినవాళ్లు లేరు.

మరి తర్వాత? 2023లో మనోలో గోవాకు వెళ్లారు. క్లబ్‌లో డబ్బు చిక్కులు, జీతాల బకాయిలు. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో చివరి స్థానం. అప్పుడు కోచ్‌గా ఉన్న తాంగ్బోయ్ సింగ్టో ముందు కుర్రాళ్లే మిగిలారు. జీతం అందని జట్టుకు ఏ దేశం కోచ్ వచ్చి ఏం చేస్తాడు? చివరికి 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి వెళ్లి పేరు కూడా మార్చుకుంది. కప్పు గెలిచిన మూడేళ్లకు హైదరాబాద్‌లో ఆ జట్టే లేదు. కోచ్ ఎవరని కొట్లాడినవాళ్లకు ఇప్పుడు కొట్లాడటానికి క్లబ్ కూడా మిగల్లేదు.

ఇక వెనక్కి వెళ్దాం. ఈ మొత్తం వాదనకు మూలం హైదరాబాద్‌లో ఒక బడి పంతులు దగ్గర ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం, 1909లో పుట్టారు, ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం.

జకార్తా ఫైనల్ గురించి తప్పకుండా చెప్పాలి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. మళ్లీ అదే కొరియాతో ఫైనల్. స్టేడియం అంతా మనవాళ్లకు వ్యతిరేకంగా అరుస్తోంది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని కూర్చోబెట్టకుండా ముందు వరసలో ఆడించారు. ఆయన ఒక గోల్ కొట్టారు, పీకే బెనర్జీ ఒకటి. 2-1. గోల్‌పోస్ట్ దగ్గర పీటర్ తంగరాజ్. సికింద్రాబాద్ కుర్రాడు బలరాం, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ కూడా ఆ బంగారు జట్టువాళ్లే. పీకే మన రైల్వే మనిషని చెప్పకుండా ఉండలేను. 1958లో కలకత్తా లీగ్‌ను పెద్ద క్లబ్బులన్నిటినీ దాటి గెలిచిన ఈస్టర్న్ రైల్వే జట్టులో ఆయన ఉన్నారు.

అప్పటికే రహీం సాబ్‌కు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఇక ఎవరు అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. ఇంగ్లండ్ నుంచి హ్యారీ రైట్ వచ్చారు. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానంలో నిలిచింది. చూస్తే ఏమీ పోలేదనిపిస్తుంది. పోలేదు, ఎందుకంటే ఆటగాళ్లు రహీం సాబ్ తయారుచేసినవాళ్లే. ఆయన పెట్టిన జమ ఇంకా ఖాతాలో ఉంది. కానీ కొత్తగా జమ చేసేవాళ్లు లేరు. 1960 రోమ్ తర్వాత మన దేశం ఇప్పటివరకు ఒలింపిక్స్ ఫుట్‌బాల్ ఆడలేదు. ఆసియా క్రీడల్లో 1970లో హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం వచ్చింది. అదే ఆఖరి పతకం.

రహీం సాబ్ జాగాలో ఒక కోచ్ రావడం కష్టం కాలేదు. అయితే ఆయన కోచ్ పని మాత్రమే చేయలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పిల్లలకు పోటీలు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి ఆడించేవారు, రెండు కాళ్లూ సమానంగా రావాలని. ఈ పనిని ఎవరికి అప్పగించారు? ఎవరికీ కాదు. చార్జి లిస్టులో ఆ పేరే రాయలేదు.

బయటి దేశాల్లో కూడా ఇంతే. లివర్‌పూల్‌లో 1974లో బిల్ షాంక్లీ తప్పుకుంటే, ఆయన పక్కనే ఏళ్ల తరబడి పనిచేసిన బాబ్ పైస్లీకి బాధ్యత ఇచ్చారు. ఆయన మూడు యూరోపియన్ కప్పులు తెచ్చారు. మాంచెస్టర్ యునైటెడ్‌లో 2013లో ఫెర్గూసన్ రిటైర్ అయ్యాక వచ్చిన డేవిడ్ మోయెస్‌కు ఆరేళ్ల ఒప్పందం ఇచ్చి, పది నెలలకే పంపేశారు. ఫెర్గూసనే ఎంచిన మనిషి ఆయన. కానీ చేతికొచ్చింది వయసు మళ్లిన జట్టు.

ఇక మనవాడా, బయటివాడా అన్న వాదన. నా మనసు మనవాళ్ల వైపే, దాచను. రైల్వేలో ఆఫీషియేటింగ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. పై పోస్టు పని అంతా చేయిస్తారు, పోస్టు మాత్రం పర్మనెంట్‌గా ఇవ్వరు. మన కోచ్‌లది ఆ గతే. 2022 ఫిబ్రవరిలో చెన్నైయిన్ బాండోవిచ్‌ను తీసేసినప్పుడు మిగిలిన మ్యాచ్‌లు నడిపింది సయ్యద్ సాబిర్ పాషా. ఇండియన్ బ్యాంక్‌కు, దేశానికి ఆడిన తమిళనాడు మనిషి. సీజన్ అయ్యాక పోస్టు జర్మనీ నుంచి వచ్చిన బ్రడారిచ్‌కు వెళ్లింది.

అలాగని మనవాడికి ఇస్తే చాలు అనడానికీ లేదు. 2025లో భారత జట్టు కోచ్ పోస్టుకు 170 దరఖాస్తులు వచ్చాయి. జావి, గ్వార్డియోలా పేర్లతో కూడా ఎవరో ఆకతాయిలు పంపారు. చివరికి ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను నియమించారు. 2012 తర్వాత పూర్తికాలపు కోచ్‌గా వచ్చిన మొదటి భారతీయుడు. ఐజ్వాల్ లాంటి చిన్న జట్టుకు 2017లో ఐ-లీగ్ గెలిచిపెట్టిన దిట్ట. వచ్చీరాగానే మధ్య ఆసియా టోర్నీలో ఒమన్‌ను ఓడించి మూడో స్థానం తెచ్చారు. ఆ వెంటనే అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోయింది. ఆయనకు ముందున్నది మన హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన అదే మనోలో. ఆయన కూడా భారత జట్టుతో నెగ్గుకురాలేకపోయారు. ఒకరు స్పెయిన్, ఒకరు ఇండియా. చేతికొచ్చిన చార్జి మాత్రం ఒక్కటే.

కాబట్టి తమ్ముళ్లూ, మళ్లీ కోచ్ మారినప్పుడు పేర్ల మీద కొట్లాడే ముందు కొన్ని అడగండి. వచ్చేవాడికి ఎన్నేళ్లు ఇస్తారు? జట్టులో ఎవరు మిగులుతున్నారు? జీతాలు నెల నెలా పడుతున్నాయా? వ్యాసర్పాడి సందుల్లో చెప్పులు లేకుండా ఆడే పిల్లాడికి ఆ క్లబ్ గేటు దాకా దారి ఉందా? 2018లో కప్పు తెచ్చిన జట్టులో వ్యాసర్పాడి కుర్రాడు ధనపాల్ గణేశ్ ఉన్నాడు. అలాంటివాళ్లు ఎంతమంది వస్తున్నారో లెక్క అడగండి. ఈ ప్రశ్నలకు జవాబు ఉన్న క్లబ్‌కు మామూలు కోచ్ వచ్చినా ఇబ్బంది లేదు. జవాబు లేకపోతే గ్వార్డియోలా నిజంగానే దరఖాస్తు పెట్టినా ప్రయోజనం ఉండదు.

మన సంఘంలో పెరంబూరు, ఐసీఎఫ్ వైపు పనిచేసి, పాత మద్రాసు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసిన పెద్దలు ఉన్నారు. అప్పట్లో రైల్వే జట్లకు ఎవరు శిక్షణ ఇచ్చేవారో, పిల్లల్ని ఎక్కడినుంచి తెచ్చేవారో మీకు గుర్తున్నది దయచేసి రాయండి. ఆ రిజిస్టర్ కూడా ఎవరో ఒకరికి అప్పగించాలి కదా.