చిల్లర ఇవ్వని బస్సు

ప్రయాణికులను మోయు బండ్లను దొంగలు కొట్టుట నిన్న నేడు పుట్టిన విద్య కాదు. బండి నడుపువాని ప్రాణమునకును, బండిలోని సొమ్మునకును ముడి పడియే ఉన్నది. ఆ ఉద్యోగిని కాపాడుటకు లోకము పన్నిన ఉపాయములలో రెండింటిని ఈ ప్రసంగమున శ్రోతలకు విన్నవించెదము.

మొదటిది ఆయుధము. 18వ శతాబ్దపు ఇంగ్లండులో తపాలా సంచులను గుఱ్ఱమెక్కిన కుఱ్ఱవాండ్రు ఒంటరిగా తీసికొనిపోయెడివారు. వారిని దోచుట దొంగలకు సుకరముగా నుండెను. బాత్ నగరమున నాటకశాల నడిపిన జాన్ పామర్ అను నతడు దీనికి మారుగా కోచి బండ్లను ప్రతిపాదించెను. మొదటి బండి 1784 ఆగస్టు 2వ తేదీన బ్రిస్టల్ నుండి లండనుకు బయలుదేరెను. ఉత్తరములతో పాటు ప్రయాణికులును అందు పోయెడివారు. కావలివానికి వెడల్పు మూతి తుపాకియు, పిస్తోళ్లును ఇచ్చిరి.

కాని నగరమున తిరుగు బస్సు బస్సునకు తుపాకి కావలి పెట్టుట సాధ్యమా? 1960వ దశకమున అమెరికా నగరములకు ఈ చిక్కే వచ్చినది. అచ్చటి బస్సులలో వేరుగా కండక్టరు లేడు. డ్రైవరే చార్జీ పుచ్చుకొని, చిల్లర ఇచ్చి, బండి నడపవలెను. రాత్రివేళ అతడు ఒంటరి, దగ్గర రొక్కమున్నది, నిలిచినచోట తలుపు తెరువక తప్పదు. 1968 మే నెలలో వాషింగ్టనులో ఒక డ్రైవరు దోపిడిగాండ్ర తుపాకికి బలియైనాడు. చీకటి పడిన పిమ్మట డబ్బు దగ్గర నుంచుకొని బండి నడపజాలమని తోటివారు పట్టుపట్టిరి.

రెండవ ఉపాయము అప్పుడు అమలునకు వచ్చినది. డ్రైవరు వద్ద చిల్లర ఉండదు. ప్రయాణికుడు సరిగా చార్జీకి తగిన నాణెములనే తాళము వేసిన పెట్టెలో వేయవలెను. వాషింగ్టనులో ఎక్కువ ఇచ్చినవానికి ఒక చీటీ ఇచ్చెడివారు. మిగులు సొమ్మును తరువాత కంపెనీ కార్యాలయమున పొందవలెను. 1969 ఆగస్టు 31 నుండి న్యూయార్కు బస్సులలోను ఈ పద్ధతి నెలకొన్నది. డ్రైవర్లను దోచుట దాదాపు ఆగిపోయినది. దొంగను పట్టుట వలన కాదు, దొంగ కోరు వస్తువును తొలగించుట వలన! చేతిలో నోటుండియు నాణెములు లేని బీదవానికి ఇది ఇబ్బందియే. అయినను ఒక ప్రాణముతో తూచినచో ఆ ఇబ్బంది తేలికయే యగును.

అయితే దోపిడి వేరు, దౌర్జన్యము వేరు. 2008 డిసెంబరులో న్యూయార్కులోని బ్రూక్లిన్ ప్రాంతమున, చార్జీ చెల్లింపని ప్రయాణికుడొకడు బస్సు మారుటకు చీటీ అడిగెను. డ్రైవరు ఇవ్వననగా అతనిని కత్తితో పొడిచి చంపెను. అచ్చట దోచుటకు ధనము లేదు; కోపము మాత్రమే ఉన్నది. తరువాత ఆ నగరపు బస్సులలో డ్రైవరు చుట్టు అడ్డుతెరలు అమర్చసాగిరి.

మన దేశమున 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము విధి నిర్వహణలోనున్న ఆర్.టి.సి. ఉద్యోగిని ప్రజాసేవకునిగా పరిగణించుచున్నది. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షను, ప్రజాసేవకుని విధికి అడ్డుపడి దౌర్జన్యము చేసినవానికి రెండేండ్ల వరకు ఖైదు విధింపవచ్చునని చెప్పుచున్నది. కాని చట్టము దెబ్బ తగిలిన పిమ్మట వచ్చును. తాళపు పెట్టె దొంగ ఆశను అణచినది. అడ్డుతెర కత్తిని కొంత ఆపును. చిల్లరకై రేగిన మాట చేయెత్తువరకు పోకుండ ఆపగలవారు ఆ బస్సులోనే కూర్చున్న మనమే.