పాముల పేర్లు – పాముల గుర్తులు

ప్రాణులను గూర్చిన యెఱుక మనలో రెండు విధముల నున్నది. కన్నులతో జూచి సంపాదించినది యొకటి. చెవులతో విని నమ్మినది మఱియొకటి. ఎద్దును గూర్చి మన రైతునకు గల యెఱుక మొదటి తెగకు జేరినది. పామును గూర్చి మనలో ననేకులకు గల యెఱుక రెండవ తెగకు జేరినది. ఈ రెండవ తెగ యెఱుక వలన మనుష్యులును జచ్చుచున్నారు, పాములును జచ్చుచున్నవి. మన తెలుగువారి సర్పజ్ఞానము పూర్వ మిట్టిది కాదనియు, అది లోకమందలి శాస్త్రమునకే తోడ్పడినదనియు జూపి, దానిని మరల మనము సంపాదించుకొనవలసిన యావశ్యకమును దెలుపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

పోచంపల్లి నేతగాండ్ర యూరు. మగ్గపు గుంటలో కాళ్లుంచి నేతగాడు పగలెల్ల గూర్చుండును. రాత్రి యా మగ్గము ప్రక్కనే నేలపై చాప పఱచుకొని పండుకొనువారు గలరు. ఊరి చుట్టును పొలములు. ధాన్య మున్నచోట నెలుక యుండును. ఎలుక యున్నచోటికి పాము వచ్చును. ఇది పాము చేసిన నేరము కాదు, ప్రకృతి ధర్మము. అయినను దీని ఫలము మిక్కిలి ఘోరముగా నున్నది. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటు వలన సగటున ఏటికి 58,000 మంది మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన యొకటి తేల్చినది. ఈ మరణములలో నధికభాగము ఎనిమిది రాష్ట్రములలోనే జరిగినవి. తెలంగాణము గూడ జేరియున్న నాటి ఆంధ్రప్రదేశము వానిలో నొకటి. మృతులలో హెచ్చుమంది పల్లెవారే.

ఇక పూర్వచరిత్రకు వత్తము. పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యుడు సిరియా దేశమందలి అలెప్పో పట్టణమున బహుకాలము వైద్యము చేసి, 1781లో తన సోదరునితో గూడ మన దేశమునకు వచ్చి విశాఖపట్టణమున నివసించెను. 1785లో ఈస్టిండియా కంపెనీవా రాతనిని తమ ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి. పాముకాటున జనులు చచ్చుట యాతని మనస్సును గలచినది. విషము గల పామేదో, విషము లేని పామేదో సామాన్యులు గుర్తించు మార్గ మెట్లని యాతడు విచారించి, పాములను దెప్పించి, కోఱలను బరీక్షించి, పొలుసులను లెక్కించి, చిత్రములు వ్రాయించెను. 1796లో కోరమండల తీరపు సర్పములను గూర్చిన యాతని గ్రంథము లండను నగరమున వెలువడెను.

ఆ గ్రంథమున మనము గమనింపదగిన విశేష మొకటి కలదు. అందలి పాములలో ననేకములకు రసెల్ పండితుడు స్థానికులు చెప్పిన పేర్లనే యిచ్చెను. వానిలో తెలుగు పేర్లు పెక్కులు. అందొకటి 'కాటుక రేకుల పొడ'. రక్తపింజరి యను పాము నాతడీ పేరుతో వర్ణించెను. తరువాత 1797లో ఐరోపా పండితులు దానికి రసెల్ పేరే పెట్టిరి; నేటికిని శాస్త్రమున నది రసెల్ పాముగనే వ్యవహరింపబడుచున్నది. మన పేరు మఱుగున బడినది. మఱియొకటి 'బంగారు పాము'. పసుపు నలుపు పట్టెలు గల పెద్ద కట్లపామునకు మనవారు పెట్టిన యీ పేరు లాటిను వేషము దాల్చి 'బంగరస్' అయ్యెను. నేడు చీనాదేశమందలి పండితుడైనను కట్లపాముల జాతి పేరు వ్రాయునపుడు, తా నెఱుగకయే తెలుగుమాట వ్రాయుచున్నాడు!

ఈ పేర్లను కొంచెము పరికింపుడు. కాటుక యంచు గల రేకుల వంటి పొడలు గలది కాటుక రేకుల పొడ. ఒంటి మీద కట్లు గలది కట్లపాము. పేరే గుర్తు, గుర్తే పేరు. ఈ పేర్లు పెట్టినవారు పుస్తకములు చదివినవారు కారు, నిలిచి చూచినవారు. అట్టి చూపు మనకు గ్రొత్త కాదు. పోచంపల్లిలో చిటికి పని చేయువారు నూలునకు ముడులు గట్టి, రంగులో ముంచి, ఆ పిదప నేయుదురు. ఒక పోగు తప్పినను రూపు చెదరునని వారెఱుగుదురు. పోగుపోగునకు భేదము గనిపెట్టు కన్నులకు కట్లపామును గుర్తించుట కష్టమా?

మన ప్రాంతమున మనుష్యుల ప్రాణములు తీయు పాములు ముఖ్యముగా నాలుగు. మొదటిది నాగుపాము. పడగ విప్పినపుడు దాని నెఱుగనివారు లేరు. పడగ ముడిచియున్నపుడు మాత్రము జెర్రిపోతును దానినిగా భ్రమించి చంపుచున్నారు. జెర్రిపోతునకు పడగ లేదు, విషము లేదు; కన్నులు పెద్దవి; పెదవుల పొలుసుల నడుమ నల్లని గీత లుండును. అది పొలమందలి యెలుకలను దిని రైతునకు మేలు చేయును. జెర్రిపోతు నాగుపాముతో జత కట్టుననుట వట్టి మాట. పెనవేసుకొని లేచునట్లు గనబడునవి తఱచుగా రెండు మగ జెర్రిపోతులు; అవి చేయునది మల్లయుద్ధము. అట్లే ఆవు పొదుగున పాలు గుడుచుననుటయు నసత్యము. పీల్చుట కనువైన పెదవులు పామునకు లేవు.

రెండవది కట్లపాము. నిగనిగలాడు నల్లని మేను. సన్నని తెల్లని కట్లు, తఱచుగా జంటజంటలుగా. తలవైపున నవి మాసియుండి తోకవైపున స్పష్టమగును. వెన్ను నడుమ పెద్ద పొలుసుల వరుస యొకటి. ఇండ్లలో దిరుగు విషము లేని చిన్నపాము యొకటి దీనిని బోలియుండును గాని, దాని పట్టెలు తలవైపున స్పష్టమై తోకవైపున మాయును. కట్లపాము రాత్రి సంచరించి నేలపై నిద్రించువారిని గఱచును. ఆ కాటునకు నొప్పియు వాపును మిక్కిలి తక్కువ. కావున ననేకులు కాటు పడినట్లే యెఱుగరు. తెల్లవాఱుజామున కడుపునొప్పి, కనుఱెప్పలు వ్రాలుట, మాట తడబడుట గనబడినచో అజీర్ణమని యూరకుండరాదు.

మూడవది రక్తపింజరి. వీపున గొలుసు వలె మూడు వరుసల గుండ్రని పొడలు, త్రికోణమువంటి తల, కొలిమితిత్తి వలె బుస. నాలుగవది చిన్నపింజర. మూరెడైనను పొడవు లేనిదే యెక్కువ. చుట్టలు చుట్టుకొని రంపపు పొలుసులను రాచి గరగర ధ్వని చేయును.

ఇన్ని మంచి పేర్లు పెట్టిన మనవారు ఒక పామునకు మాత్రము తప్పు పేరు పెట్టిరి. అదియే 'రెండు తలల పాము'. దానికి తల యొకటే. మెడయు నడుమును తోకయు నొకే లావుగా నుండి, తోక మొద్దుగా ముగియుట చేత తలవలె దోచును. శత్రువు వచ్చినపుడది తలను చుట్టల క్రింద దాచి తోకను చూపును. కాటు తోకమీద బడినను తల దక్కును. ఇది పాముకు ప్రకృతి యిచ్చిన యుపాయము. ఇసుకనేలలలో దాగి, ఎలుకలను దిని, విష మెఱుగక బ్రదుకు నిరపరాధ జంతు విది. 1801లో దీనిని శాస్త్రమున వర్ణించినవాడును రసెల్ పండితుడే. మనలోనో, ఆరు నెలల కొక తల పనిచేయుననియు, ఇంట నుంచుకొన్న ధనము గురియుననియు, బరువునుబట్టి లక్షలు పలుకుననియు వదంతి. తోకపై గాయములు చేసి కన్నుల వలెను నోటి వలెను గనబడునట్లు చేయు క్రూరులు గలరు. అమ్మినవాడు చెఱసాల కేగును. కొన్నవాడు సొమ్ము పోగొట్టుకొని తానును చెఱసాల కేగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము ప్రకారము దానిని బట్టుటయు నమ్ముటయు నేరములు. లక్ష్మి పాముతోకలో నున్నచో పాములవాండ్రు నేల బిచ్చమెత్తుకొని బ్రదికిరి? ఈ చిన్న ప్రశ్న యెవ్వరును వేసికొనకుండుటయే మాకు వింత.

ఇచట నొక హెచ్చరిక యవసరము. గుర్తించుట కాటునకు ముందు చేయవలసిన పని. కాటు పడిన పిదప పామును వెదకుచు కాలము గడపరాదు. మన దేశమున ఈ నాలుగు పాముల విషమునకును విఱుగుడు మం దొక్కటే. వైద్యుడు రోగి లక్షణములను జూచి దానినే యిచ్చును. కోసి రక్తము దీయుట, గట్టిగా కట్లు బిగించుట, మంత్రగాని యింటికి బరుగెత్తుట ప్రాణాంతకములు. కాటుపడిన యవయవమును గదలనీయక నేరుగా ఆసుపత్రికి గొనిపోవలెను.

ఆ మందున కాధారమైన విషమును సేకరించువారిలో తమిళనాడునందలి ఇరులవారు ముఖ్యులు. ఒకప్పుడు వారు పాముతోళ్లకై పాములను జంపి జీవించువారు. 1972 శాసనము వలన నా వృత్తి నశింపగా, 1978లో సహకార సంఘముగా నేర్పడి, పాములను బట్టి, విషము దీసి, వానిని మరల నడవిలో విడుచుచున్నారు. చదువు లేనివారని లోకము చిన్నచూపు చూచిన వారి కన్నులే నేడు ఇతరుల ప్రాణములను నిలుపుచున్నవి. రసెల్ పండితునకు పేర్లు చెప్పిన మన పల్లెవారి పేరు లెవ్వరికిని దెలియవు. వారి ఋణ మిట్లయినను దీర్చుకొందము.

కావున చదువరులారా! బడులలో పిల్లలకు ఈ నాలుగు పాముల చిత్రములను జూపుడు. నేలపై గాక మంచముపై, దోమతెర లోపల పండుకొనుడు. చీకటిలో దీపము లేక యడుగు పెట్టకుడు. కనబడిన ప్రతి పామును జంపుటయు, కనబడని మహిమలకు మ్రొక్కుటయు నొక్క యజ్ఞానమునకే రెండు ముఖములు. రెండు తలలు పామునకు లేవు. మన యజ్ఞానమునకే యున్నవి.