ఉట్నూరు: ఒక కొండ ఊరి చరిత్ర

పాతబస్తీలో పాఠాలు చెప్పుకొనే నాబోటివాడికి చరిత్రకు కరువు లేదు. ఒక మలుపు తిరిగితే 1591 నాటి చార్మినారు, మరొక మలుపు తిరిగితే చౌమహల్లా. అందుకేనేమో, రాజులు కట్టించిన రాళ్లే చరిత్ర అనే అభిప్రాయం మన విద్యార్థులలో బలంగా నాటుకొని ఉన్నది. ఒకసారి తరగతిలో “మీ ఊరి చరిత్ర” అనే వ్యాసం రాయమన్నాను. ఉట్నూరు దగ్గరి గూడెం నుంచి వచ్చిన ఒక విద్యార్థి నాలుగే వాక్యాలు రాసి ఇచ్చాడు. వాటిలో చివరిది ఇది: “మా ఊరు చాలా దూరంలో ఉండుటచేత అభివృద్ధి చెందలేదు, చెప్పుకోదగిన చరిత్ర కూడా లేదు.”

ఈ వాక్యం ఆ కుర్రవాడిది కాదు. పాఠ్యపుస్తకాలూ, ప్రభుత్వ నివేదికలూ అతని చేత రాయించిన వాక్యం. కనుక తప్పు దిద్ది మార్కులు వేసి ఊరుకుంటే చాలదు. ఆ వాక్యం నిజమా అని పరిశీలించవలసి ఉన్నది.

మొదట నేల సంగతి చూద్దాం. ఉత్తరాన పెన్‌గంగ, దక్షిణాన గోదావరి; ఈ రెండు నదుల మధ్య లేచిన కొండల మీది పీఠభూమిలో ఉన్నది ఉట్నూరు. ఈ కొండల నీళ్లు మోసుకొనే కడెం వాగు కుంటాల దగ్గర జలపాతమై దూకి, చివరకు గోదావరిలో కలుస్తుంది. పీఠభూమి మీద చాలాచోట్ల నల్లరేగడి. వాలుల మీద పలుచని తేలిక నేలలు. కొలాములు పూర్వం వాలుల మీద పోడు కొట్టుకొని బతికారు. గోండులు నాగలి పట్టిన రైతులు. జొన్న, పత్తి పండించారు. తేలిక నేలను కొన్నేళ్లు దున్ని, సారం తగ్గగానే బీడు పెట్టి, మరొక చేనుకు పోయేవారు. ఆ బీడులో మళ్లీ చెట్లు మొలిచేవి. అది వదిలేసిన భూమి కాదు, విశ్రాంతి తీసుకొంటున్న భూమి. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. తరువాతి కథ అంతా దీని మీదనే నడిచింది.

ఇక రాజుల చరిత్రే కావాలనుకొంటే, అదీ ఉన్నది. ఉట్నూరులో గోండు రాజుల కోట శిథిలాలు నేటికీ చూడవచ్చు. చందాను ఏలిన గోండు రాజ్యానికి ఈ కొండలు దక్షిణపు అంచు. 1751లో చందా నాగపూరు భోంస్లేల వశమైంది. కాలక్రమాన పెన్‌గంగకు దక్షిణాన ఉన్న ప్రాంతం నిజాము రాజ్యంలో కలిసిపోయింది. ఇన్ని చేతులు మారినా, కొండ మీద దున్నేవాడు దున్నుతూనే ఉన్నాడు. భూమి ఎవరిదనే ప్రశ్న కాగితం మీదికి ఎక్కలేదు. ఎక్కించవలసిన అవసరం వానికి తోచలేదు.

కాగితం కొండెక్కిన తరువాత ఏమి జరిగింది? రెవెన్యూ సిబ్బంది కొలత గొలుసుతో వచ్చారు. గోండుల సేద్యంలో చాలా భాగాన్ని శివాయి జమాబందీ కింద, అంటే పట్టా లేని తాత్కాలిక సాగు కింద రాసుకొన్నారు. శిస్తు మాత్రం తాత్కాలికం కాలేదు. అడవిశాఖ సరిహద్దులు గీసినప్పుడు బీడు పెట్టిన చేలు అడవిగా లెక్కకు వచ్చాయి. నిన్నటి రైతు నేడు తన చేలోనే దొంగ అయినాడు. మేతకు పన్ను, కట్టెకు పన్ను, అవి కట్టలేకపోతే జులుం.

1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయింది. మైదానాల నుంచి వచ్చే వారికి దారి సుగమమైంది. 1938లో ఏర్పడిన సిర్పూరు కాగితపు మిల్లు కంపెనీకి ఈ జిల్లా వెదురు ముడిసరుకు. పట్టా రాయించుకోవడం తెలిసినవాడికి భూమి దక్కింది. దున్నడం మాత్రమే తెలిసినవాడు పాలేరుగా మిగిలాడు. మరి ఉట్నూరు కొండలకు చేటు తెచ్చింది దూరమా? దూరమే కారణమైతే, అది తగ్గేకొద్దీ గోండు బాగుపడి ఉండవలెను కదా! జరిగింది తలక్రిందులు. దారి దగ్గరయ్యేకొద్దీ భూమి దూరమైంది.

1940లో కెరమెరి కొండలలోని జోడేఘాట్‌లో కొమురం భీము, అతని సహచరులూ నిజాము పోలీసుల తుపాకులకు బలి అయ్యారు. భీము అడిగింది రాజ్యం కాదు. తాము నరికి, దున్నుకొన్న నేల మీద హక్కు అడిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాట్‌లో జరిగే వర్ధంతి ఆ కోరికను మరుపున పడనీయలేదు. అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన నవల భీము కథను తెలుగు పాఠకుల ఇళ్లకు చేర్చింది.

కాల్పుల తరువాత కారణం తెలుసుకోవాలని ప్రభుత్వానికి తోచింది. ఆస్ట్రియా దేశస్థుడైన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1941లో ఈ కొండలకు వచ్చి, భార్య బెట్టీతో మార్లవాయిలో కాపురమున్నాడు. అతని నివేదికల ఫలితంగా గోండీ బోధించే బడులు వచ్చాయి, ఉపాధ్యాయ శిక్షణ వచ్చింది. ఆ దశాబ్దం చివరికి పదకొండు వేల పైచిలుకు కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలకు పట్టాలు దక్కాయి. ఈ మేలును తక్కువ చేసి చూడనక్కరలేదు. కాని ఒక పండితుని ఔదార్యంగా దీనిని చెప్పుకొనేవారు, ఆ పండితుడు రావడానికి ముందు ఎవరు చనిపోయారో చెప్పడం మరచిపోతారు. జోడేఘాట్ లేనిదే మార్లవాయి లేదు.

పట్టా చేతికి వచ్చినంత మాత్రాన భూమి చేతిలో నిలవలేదు. గిరిజన భూముల బదిలీని నిరోధించే 1959 నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో వచ్చిన ఒకటవ రెగ్యులేషన్ మరొక అడుగు వేసి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని వద్ద నుంచి వచ్చినదేనని ముందుగా భావించాలన్నది. చట్టం గట్టిది. అమలు ఎంత మెత్తనిదో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి చెప్పింది. భూమి కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం ఒప్పుకొన్న మృతులు 13 మంది. పౌరహక్కుల వారూ, స్థానికులూ చెప్పే సంఖ్య దీనికి అనేక రెట్లు. నిజాము పోయి మూడు దశాబ్దాలు దాటినా, కోరిక మారలేదు, జవాబూ మారలేదు.

నేటి ఉట్నూరు కార్యాలయాల ఊరు. ఐ.టి.డి.ఎ. ఇక్కడే ఉన్నది, అర్జీ పట్టుకొన్న ప్రతివాడూ ఇక్కడికే రావాలి. 2016లో పాత ఆదిలాబాదు జిల్లా నాలుగైంది. ఉట్నూరు ఒక జిల్లాలో, జోడేఘాట్ మరొక జిల్లాలో పడ్డాయి. 1976 నాటి చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరిన తరువాత పెరిగిన తగవు 2017లో ఈ ప్రాంతంలోనే ఘర్షణలుగా పేలింది. అటు గోండూ ఇటు లంబాడీ, ఇద్దరిలోనూ పేదవాడు చిన్న కమతం మీదనో కూలి మీదనో బతుకుతున్నవాడే. ఉన్న కొద్ది భూమినీ, ఉన్న కొద్ది ఉద్యోగాలనూ ఇద్దరి మధ్య పడవేసి, తగవు చూస్తూ కూర్చున్నది ఎవరు అనే ప్రశ్న వేయనిదే ఈ గొడవ అర్థం కాదు.

జిల్లా గీతలను లక్ష్యపెట్టని మరొక పటం కూడా ఉన్నది. ఏటా నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు కాలినడకన కొండలు దిగి, జన్నారం వైపున ఉన్న హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు ముంచుకొని కేస్లాపూరుకు తెస్తారు. ఆ నడకలో దారులున్నాయి, మజిలీలున్నాయి, ఏ ఊరితో ఏ చుట్టరికమో ఉన్నది. ప్రధానులు కిక్రీ వాయిస్తూ చెప్పే వంశకథలలో ఇంకా ఎంతో ఉన్నది. చరిత్ర లేదన్న ఊరికి ఇంత చరిత్ర!

మరి ఈ చరిత్ర ఎందుకు రాయబడలేదు? నాకు తోచిన జవాబు ఒకటి చెప్పుతాను. ఈ కొండలను గూర్చి నిజాము ప్రభుత్వం రాసుకొన్న కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉన్నాయి. కొండ మీది జ్ఞాపకమంతా గోండీలో, కొలామీలో ఉన్నది. తెలుగు మాత్రమే వచ్చిన మా బోటి పండితులకు ఆ కాగితమూ అందదు, ఈ పాటా అందదు. అందనిదానిని లేదన్నాం.

ఇక్కడ పాతబస్తీకి ఒక పని ఉన్నది. ఉర్దూ చదవగలిగిన విద్యార్థులు మా తరగతులలో కావలసినంత మంది ఉన్నారు. ఉట్నూరు నుంచి వచ్చిన కుర్రవాడికి గోండీ వచ్చును. వీరిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒకరి చేత దస్త్రం చదివించి, మరొకరి చేత అవ్వ చెప్పిన కథ చెప్పించి, రెండూ పోల్చి చూడడం అధ్యాపకులు చేయగలిగిన పని. ఫలానా చేను ఏ సంవత్సరంలో అడవిగా మారిందో, ఎవరి పేరున పట్టా అయిందో తేలితే, అది పరీక్ష వ్యాసానికి మాత్రమే కాదు, రేపు భూమి తగవులో సాక్ష్యానికి కూడా పనికివస్తుంది.

ఆ విద్యార్థి వ్యాసాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు చివరి వాక్యం కింద గీత గీసి, “ఎవరికి దూరం?” అని మాత్రం రాశాను. రెండవ ప్రతి ఇంకా రాలేదు. సెలవులలో ఊరికి పోయి అడిగి వస్తానన్నాడు.