వల పట్టుకున్న మనిషి

కొన్నేళ్ళ క్రితం, రాత్రిపూట ప్రొడక్షన్ రిలీజులు ఉన్నప్పుడు, నిద్ర ఆపుకోవడానికి పాత ప్రపంచకప్ గోల్స్ చూస్తూ కూర్చునేవాణ్ణి. అలా తగిలిందీ క్లిప్. 1994 జూన్ 21, అమెరికాలోని డల్లస్, కాటన్ బౌల్ స్టేడియం. నైజీరియా, బల్గేరియా మ్యాచ్. 21వ నిమిషంలో కుడివైపు నుంచి ఫినిడి జార్జ్ గోల్ ముందుకి అడ్డంగా బంతి పంపాడు. పొడుగ్గా, దిట్టంగా ఉన్న స్ట్రైకర్ దాన్ని దగ్గర్నించి లోపలికి నెట్టేశాడు. గోల్‌గా చూస్తే అందులో గొప్పేం లేదు. కానీ అతను అక్కడ ఆగలేదు. బంతి వెనకే గోల్‌లోకి వెళ్ళిపోయి, రెండు చేతులూ వల కన్నాల్లోంచి అవతలికి చాపి, ఊపుతూ, ఏడుస్తూ అరిచాడు.

అతని పేరు రషీదీ యెకినీ. ప్రపంచకప్‌లో నైజీరియాకి అది మొట్టమొదటి గోల్. ఫుట్‌బాల్ చూసేవాళ్ళలో ఆ ఫొటో తెలియనివాళ్ళు తక్కువ. దానికి ముందేం జరిగిందో, తర్వాతేం జరిగిందో పట్టించుకున్నవాళ్ళూ తక్కువే. వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ రాత్రి అతని వికీపీడియా పేజీ తెరిచాను. పక్కన క్లబ్బుల పట్టిక చాంతాడంత ఉంది. కడూనా, ఇబాదాన్, అబెయోకుటా, అబిజాన్, సెతూబల్, గ్రీస్‌లో ఒలింపియాకోస్, స్పెయిన్‌లో స్పోర్టింగ్ హిహోన్, మళ్ళీ సెతూబల్, జ్యూరిచ్, ట్యునీషియాలో బిజెర్త్, రియాద్, మళ్ళీ అబిజాన్, చివరికి మళ్ళీ నైజీరియా. మొత్తం 12 క్లబ్బులు, 8 దేశాలు. ఇంటర్వ్యూ ప్యానెల్లో ఇలాంటి రెజ్యూమె వస్తే మా వాళ్ళు అనే మాటే నాకూ నోటికొచ్చింది: "ఎక్కడా కుదురుగా ఉండడేమో."

ఆ పట్టికని ఇప్పుడు వేరేగా చదువుతున్నాను. అందులో ఒక మనిషి చపలత్వం కన్నా ఒక దేశం కథ ఎక్కువగా కనిపిస్తోంది.

యెకినీ పుట్టింది 1963 అక్టోబరులో, ఉత్తర నైజీరియాలోని కడూనాలో. కడూనా అప్పట్లో బట్టల మిల్లుల ఊరు. అతను ఆడిన మొదటి జట్టు పేరు యు.ఎన్.టి.ఎల్., అంటే యునైటెడ్ నైజీరియన్ టెక్స్‌టైల్స్. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులాగే, ఆటకి ఒక సంస్థ అండ ఉండే కాలం అది. అక్కణ్ణించి ఇబాదాన్‌లోని షూటింగ్ స్టార్స్‌కి వెళ్ళాడు. 1984లో ఆ క్లబ్బు ఆఫ్రికా చాంపియన్స్ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, ఈజిప్టు జట్టు జమాలెక్ చేతిలో ఓడింది. తర్వాత అబెయోకుటాలో అబియోలా బేబ్స్. ఆ పేరులోని అబియోలా, కోట్లకు పడగలెత్తిన వ్యాపారి, పత్రికాధిపతి ఎం.కె.ఓ. అబియోలా. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. ఆ క్లబ్బు 1985లోనూ 1987లోనూ నైజీరియా కప్పు గెలిచింది.

1987లో యెకినీ పక్కనున్న ఐవరీ కోస్ట్ వెళ్ళి ఆఫ్రికా స్పోర్ట్స్ క్లబ్బులో చేరాడు. ఎందుకు వెళ్ళాడని అడిగేముందు అంతకు ఏడాది క్రితం ఏం జరిగిందో చూడాలి. చమురు ధరలు పడిపోయి అప్పుల్లో కూరుకున్న నైజీరియా, 1986లో ఐ.ఎం.ఎఫ్. తరహా ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది. నైరా విలువ ఒక్కసారిగా కుప్పకూలింది. ఐవరీ కోస్ట్ డబ్బు మాత్రం ఫ్రెంచి ఫ్రాంకుతో ముడిపడి నిలకడగా ఉంది. కాబట్టి అబిజాన్‌లో ఆడటం అంటే నిలబడే జీతం. ఇది నేను చేసుకున్న ఊహే గానీ, ఆ కాలంలో దేశం విడిచిన నైజీరియా డాక్టర్లూ లెక్చరర్లూ వేసుకున్న లెక్క కూడా ఇదే కదా.

1990లో పోర్చుగల్‌లోని వితోరియా సెతూబల్‌కి చేరేనాటికి అతనికి 27వ ఏడు నడుస్తోంది. స్ట్రైకర్‌కి అది మొదలుపెట్టే వయసు కాదు. మూడేళ్ళ తర్వాత కాను అనే కుర్రాడు 17 ఏళ్ళకే అయాక్స్‌కి వెళ్ళాడు. అప్పటికి యూరప్ క్లబ్బుల కళ్ళు నైజీరియా మీద పడ్డాయి. యెకినీ తరానికి ఆ అదృష్టం లేదు. వాళ్ళు తలుపు తట్టీ తట్టీ తెరిపిస్తే, వెనకొచ్చిన కుర్రాళ్ళు నేరుగా లోపలికి నడిచారు.

సెతూబల్ లిస్బన్‌కి దక్షిణాన ఉన్న రేవు ఊరు, మొరీన్యో పుట్టిన చోటు. యెకినీ చేరిన మొదటి సీజన్‌లోనే జట్టు రెండో డివిజన్‌కి పడిపోయింది. క్లబ్బులు మారడం అలవాటైనవాడైతే అప్పుడే సర్దుకోవాలి. అతను వెళ్ళలేదు. రెండో డివిజన్‌లో రెండేళ్ళు ఆడాడు. 1992–93లో 34 గోల్స్ కొట్టి జట్టుని మళ్ళీ పైకి తెచ్చాడు. మరుసటేడు పెద్ద డివిజన్‌లో 21 గోల్స్. బెన్‌ఫికా, పోర్టో, స్పోర్టింగ్ లాంటి క్లబ్బులున్న లీగ్‌లో ఒక చిన్న ఊరి స్ట్రైకర్ టాప్ స్కోరర్. 1993లో ఆఫ్రికా ఉత్తమ ఫుట్‌బాలర్ అవార్డు కూడా అతనికే. నైజీరియన్లలో అదే మొదటిసారి.

పట్టికలో సెతూబల్ పక్కన 1990–94 అని మాత్రమే ఉంటుంది. నేను మొదటిసారి దాన్ని దాటేసి కింద ఉన్న క్లబ్బులు లెక్కపెట్టాను.

ఇక 1994. దేశం జట్టుతో అతను అంతకుముందు 1984, 1988, 1990 ఆఫ్రికా కప్పుల్లో ఉన్నాడు. మూడుసార్లూ నైజీరియా ఫైనల్లో ఓడింది. 1994 ఏప్రిల్‌లో ట్యునీషియాలో ఎట్టకేలకు గెలిచింది. 5 గోల్స్‌తో టాప్ స్కోరర్ యెకినీ. రెండు నెలలకే డల్లస్.

అప్పటి నైజీరియాని కూడా చూడాలి. 1993 జూన్ 12న అధ్యక్ష ఎన్నికలు జరిగాయి. ఆధిక్యంలో ఉన్నది అబియోలా, యెకినీ పాత క్లబ్బు యజమాని. సైనిక పాలకుడు బబంగిడా ఆ ఎన్నికని రద్దు చేశాడు. నవంబరులో జనరల్ సానీ అబాచా గద్దెనెక్కాడు. 1994 జూన్ 11న అబియోలా తానే అధ్యక్షుణ్ణని ప్రకటించుకున్నారు. జూన్ 21న యెకినీ వల పట్టుకుని ఏడ్చాడు. జూన్ 23న అబియోలాని అరెస్టు చేశారు.

యెకినీ రాజకీయం కోసం ఏడ్చాడని నేను చెప్పడం లేదు. మిల్లు జట్టుతో మొదలై పదమూడేళ్ళకి అక్కడికి చేరిన మనిషి, ఓడిన మూడు ఫైనళ్ళు చూసిన మనిషి తన కోసం తానే ఏడ్చి ఉంటాడు. కానీ ఓటుకి విలువ లేకుండా పోయిన దేశంలో ఆ గోల్ ఒక్కటి మాత్రం ఎవడూ రద్దు చేయలేనిది. నైజీరియన్లు ఆ ఫొటోని అంతగా గుండెకి హత్తుకోవడంలో అదీ ఉందని నా నమ్మకం. ఆ మ్యాచ్ 3–0తో గెలిచారు. ఓడిన బల్గేరియా తర్వాత జర్మనీని ఓడించి సెమీఫైనల్‌కి చేరింది. నైజీరియా మాత్రం ఇటలీతో మ్యాచ్‌లో గెలుపుకి రెండు నిమిషాల దూరంలో బజ్జో గోల్ తిని, అదనపు సమయంలో ఓడిపోయింది.

ఆ తర్వాతది దిగుడు. ఒలింపియాకోస్‌లో సహచరులతో పొసగలేదు, గాయాలు తోడయ్యాయి. స్పెయిన్‌లో నిలదొక్కుకోలేదు. వయసు 30 దాటింది. ఆ వయసులో స్ట్రైకర్ని నిలబెట్టేది దేశం జట్టు. అదీ లేకుండా పోయింది. 1995 నవంబరులో అబాచా ప్రభుత్వం రచయిత కెన్ సారో-వీవాని ఉరితీసింది. మండేలా గట్టిగా ఖండించారు. దాంతో కొద్ది వారాల్లో దక్షిణాఫ్రికాలో జరగాల్సిన 1996 ఆఫ్రికా కప్పుకి డిఫెండింగ్ చాంపియన్ అయిన నైజీరియా వెళ్ళలేదు. అందుకు శిక్షగా 1998 కప్పు నుంచి కూడా నిషేధించారు. రాజకీయం వల్ల ఒక ఆటగాడి రెజ్యూమెలో ఇన్ని ఖాళీలు పడటం నేనింకెక్కడా చూడలేదు.

1998 ప్రపంచకప్‌కి ముందు అబాచా చనిపోయాడు. కప్పు ముగిసేలోగా, జూలై 7న, అబియోలా నిర్బంధంలోనే చనిపోయారు. 34 ఏళ్ళ యెకినీ ఆ కప్పులో ఆడాడు గానీ, అప్పటికి జట్టు కాను తరానిది. దేశం జట్టుకి మొత్తం 37 గోల్స్. దశాబ్దాలపాటు ఎవరికీ అందని లెక్క అది.

ట్యునీషియా, రియాద్, అబిజాన్‌ల తర్వాత నైజీరియా తిరిగొచ్చి జూలియస్ బెర్గర్‌కి, 2005లో 41 ఏళ్ళ వయసులో గేట్‌వేకి ఆడాడు. కడూనాలో అతన్ని మొదట ఆడించిన మిల్లు 2007లో మూతపడింది. తర్వాత కొంతభాగం తెరిచారు గానీ పాత రోజులు రాలేదు. అతను ఇబాదాన్‌లో ఒంటరిగా, ఎవరితోనూ కలవకుండా ఉంటున్నాడనీ, మనసు బాగాలేదనీ వార్తలొచ్చాయి. 2012 మే 4న పోయాడు. 48 ఏళ్ళు.

నేనీ వ్యాసం రాయడానికి ఒక కారణం ఉంది. ఆ క్లిప్ చూసిన ఏడాదే మా టీమ్‌కి ఒకతన్ని ఇంటర్వ్యూ చేశాం. ఆరేళ్ళలో ఐదు కంపెనీలు. కోడ్ బాగానే రాశాడు. "స్టేబుల్ కాదు" అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసింది నేనే. వాటిలో రెండు కంపెనీలు మూతపడ్డాయని తర్వాత ఎవరో చెప్పారు. మేం అతన్ని అడగలేదు. అడిగితే ఒక్క నిమిషం పట్టేది.

ఇప్పుడు ఆ క్లిప్ చూసినప్పుడల్లా నా కళ్ళు అతని మొహం మీద కన్నా చేతుల మీదికి పోతాయి. గోల్ కొట్టినవాళ్ళు మామూలుగా జనం వైపో, డగౌట్ వైపో, కార్నర్ జెండా వైపో పరిగెడతారు. యెకినీ ఎటూ పరిగెత్తలేదు. దొరికిన చోటే గట్టిగా పట్టుకుని, కాసేపు అక్కడే ఉన్నాడు.