యవల రొట్టె, శామ్ గోధుమ, ఫిత్రా కొలత

రంజాన్ మాసం చివరి రోజులలో ప్రతి ముస్లిం గృహంలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఫిత్రా ఏ ధాన్యం లెక్కన, ఎంత చెల్లించాలి? దీనికి సమాధానం ఫిఖ్హ్ గ్రంథాలలో లభిస్తుంది. కాని ఆ సమాధానం ఏర్పడిన తీరు తెలియాలంటే మదీనా వాసుల నిత్యాహారాన్ని పరిశీలించవలసి ఉంటుంది.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కాలపు మదీనాలో ఖర్జూరం తర్వాత ప్రధానాహారం యవలు. గోధుమ అరుదు, ఖరీదు కూడా ఎక్కువే. ఆ రోజులలో జల్లెడలు ఉండేవా అని సహల్ బిన్ సఅద్ (ర)ను తర్వాతి తరంవారు అడిగారు. లేవని, యవలను విసిరి, పిండిని నోటితో ఊదేవారమని, పొట్టు ఎగిరినంత ఎగిరిపోగా మిగిలినదాన్ని తడిపి తినేవారమని ఆయన చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

ఈ యవలే వేర్వేరు రూపాలలో వాడుకలో ఉండేవి. వేయించి విసిరిన పిండిని సవీఖ్ అనేవారు. నీటితో తడిపితే చాలు, తినడానికి సిద్ధమయ్యేది. అందువల్ల ప్రయాణాలకు, యుద్ధయాత్రలకు అది అనువైనది. హిజ్రీ 2లో అబూ సుఫ్యాన్ దళం పారిపోతూ బరువు తగ్గించుకొనేందుకు సవీఖ్ సంచులను దారిలో పారవేసింది. ఆ యాత్రకు ‘సవీఖ్ గజ్వా’ అనే పేరు అలా వచ్చింది. పిండితో కాచిన పలుచని జావ తల్బీనా. రోగులకు, ఆప్తులను కోల్పోయి దుఃఖంలో ఉన్నవారికి దీనిని ఇవ్వాలని హజ్రత్ ఆయిషా (ర) చెప్పేవారు. రొట్టె ముక్కలను మాంసపు పులుసులో నానబెడితే సరీద్ అయ్యేది.

దైవప్రవక్త (స) పరమపదించే నాటికి ఆయన కవచం 30 సాల యవలకు ఒక యూదుని వద్ద తాకట్టులో ఉంది. సా అంటే నాలుగు ముద్‌ల కొలత. ముద్ అంటే దాదాపు రెండు చేతుల దోసిలి. ఫిత్రా కూడా ఈ కొలతతోనే నిర్ణయమైంది: తలకు ఒక సా ఖర్జూరం లేదా ఒక సా యవలు. ఆ రోజులలో తమ ఆహారం యవలు, ఎండుద్రాక్ష, ఎండబెట్టిన పెరుగు, ఖర్జూరం అని, వాటి నుంచే ఒక సా ఇచ్చేవారమని అబూ సయీద్ ఖుద్రీ (ర) తెలిపారు. ఇంటిలో తినేదే పేదవానికీ అందేది.

శామ్ దేశం ఇస్లామీయ పాలనలోకి వచ్చిన తర్వాత అక్కడి గోధుమ మదీనాకు విరివిగా చేరింది. అమీర్ ముఆవియా (ర) మదీనాకు వచ్చినప్పుడు, రెండు ముద్‌ల శామ్ గోధుమ ఒక సా ఖర్జూరానికి సమానమని మింబర్ పైనుంచి అభిప్రాయపడ్డారు. ప్రజలు అంగీకరించారు. అబూ సయీద్ (ర) మాత్రం జీవితాంతం ఒక సా ఇస్తూనే ఉంటానని ప్రకటించారు.

ఈ భేదం ఫిఖ్హ్‌లో నిలిచిపోయింది. గోధుమ అయితే అర్ధ సా చాలునని ఇమామ్ అబూ హనీఫా నిర్ణయించారు; హనఫీ పండితులు దీనికి ఇతర హదీసులను కూడా ఆధారంగా చూపుతారు. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ, ఇమామ్ అహ్మద్‌ల దృష్టిలో గోధుమ కూడా పూర్తి సా ఇవ్వవలసిందే. మాలికీ, షాఫియీ పండితులు ఆ ఊరి ప్రధానాహారాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఆ లెక్కన అన్నమే ఆహారమైన ప్రాంతంలో బియ్యం, జొన్నరొట్టె తినే ప్రాంతంలో జొన్నలు ఇవ్వాలి. హనఫీ విధానంలో బియ్యం ఇచ్చేవారు హదీసులో పేర్కొన్న వస్తువుల వెలకు సరిపడేలా ఇవ్వాలి.

అమీర్ ముఆవియా (ర) చెప్పిన సమానత్వం ఆనాటి విలువల మీద ఆధారపడినది. అప్పుడు గోధుమ ప్రియమైన ధాన్యం కనుక సగం కొలత ఖర్జూరంతో సరితూగింది. నేడు మన దేశంలో స్థితి తలకిందులైంది. గోధుమ చవక, ఖర్జూరం, ఎండుద్రాక్ష ప్రియం. అర్ధ సా గోధుమల వెల కట్టి ఇచ్చే ఫిత్రాయే అన్నింటిలోకి తక్కువ మొత్తం. చాలా ఇళ్లలో అదే వాడుకగా స్థిరపడింది. అందువల్లనే కలవారు ఖర్జూరం లేదా ఎండుద్రాక్ష లెక్కన చెల్లించడం మేలని పలువురు ఉలమాలు బోధిస్తున్నారు.

అర్ధ సా గోధుమలతో హనఫీల ఫిత్రా చెల్లుతుందనడంలో సందేహం లేదు. అయితే పండుగనాడు పేదవాడు చేయి చాచనవసరం లేకుండా చేయడమే ఈ దానంలోని ఉద్దేశం. పొట్టు ఊదిన యవల రొట్టె తిన్నవారు అదే యవలలో పూర్తి సా కొలిచి ఇచ్చారు. బాస్మతి బియ్యంతో పండుగ వంట చేసుకొనే ఇంటివారు ఏ ధాన్యం లెక్కన కొలుస్తున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి.