బాక్ కాలపు నాదం కోసం

బాక్ 1750లో మరణించారు. ఆయన రాసిన స్వరలిపి మనకు దక్కింది, నాదం దక్కలేదు. తరువాతి రెండు వందల ఏళ్లలో వాద్యాలే మారిపోయాయి. వయొలిన్‌కు పేగు తంతుల బదులు లోహపు తీగలు వచ్చాయి. హార్న్‌కు వాల్వులు అమర్చారు. చెక్క ఫ్లూట్ లోహపుదయింది. అలాంటప్పుడు 1950లలో శ్రోతలు విన్నది బాక్ సంగీతమేనా?

వియన్నా సింఫనీలో చెల్లో వాయించే నికొలాస్ హార్నోన్‌కూర్‌ను ఈ ప్రశ్న వదల్లేదు. 1953లో ఆయన, వయొలిన్ విద్వాంసురాలైన భార్య ఆలిస్, కొందరు మిత్రులు కలిసి 'కాన్సెంటస్ మ్యూజికస్' బృందాన్ని స్థాపించారు. వెంటనే కచేరీలు చేశారనుకుంటున్నారా? లేదు. పాత వాద్యాలు సేకరించి, నాటి సంగీత గ్రంథాలు చదివి, కమాను నడిపే తీరు మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. తొలి బహిరంగ కచేరీ 1957లో జరిగింది. జీతమిచ్చే సింఫనీ కొలువును హార్నోన్‌కూర్ 1969 దాకా వదులుకోలేదు!

శ్రుతి సంగతి చూడండి. నేటి పాశ్చాత్య వాద్యబృందాల ప్రమాణ శ్రుతి సెకనుకు 440 కంపనాలు. బాక్ కాలపు సంగీతానికి సాధారణంగా 415 తీసుకుంటారు, అంటే సుమారు అర స్వరం తక్కువ. గాయకుని శ్రుతికి వయొలిన్‌ను సరిచేసుకునే మనకిది వింత కాదు.

1971లో డచ్ విద్వాంసుడు గుస్తావ్ లియోన్‌హార్ట్‌తో పని పంచుకుని, సుమారు 200 బాక్ కాంటాటాల రికార్డింగు మొదలుపెట్టారు. అది 1990లో గాని ముగియలేదు. సోప్రానో భాగాలను చాలావరకు బాలురే పాడారు. నాదం గరుకుగా ఉందన్నవారూ ఉన్నారు. వాల్వులు లేని హార్న్ అక్కడక్కడ తడబడే మాట నిజమే. కాని ఆ పలుచని నాదంలో ఒక్కొక్క గొంతూ విడివిడిగా వినిపిస్తుంది. నాకు అదే నచ్చింది.

హార్నోన్‌కూర్ 2015 డిసెంబరులో వేదిక నుంచి విరమించి, 2016 మార్చి 5న కన్నుమూశారు. బృందం ఆ తరువాతా కచేరీలు కొనసాగించింది.